ఎరుకలేని గంప

ప్లాస్టిక్ ఫ్యాక్టరీల్లో, పరీక్షల ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ పుస్తకం చదవాలి మేడం అని అడుగుతారు. నేను చదివిన పుస్తకాలు అల్మారాలోనే ఉన్నాయి, ఉప్పల్ దాకా వస్తే ఇస్తాను. కానీ ఈ ఉద్యోగం నాకు పుస్తకాల్లో పట్టుబడలేదు. నాచారంలో ఒక రేకుల షెడ్డులో, అక్షరం ముక్క రాని ఒక మనిషి దగ్గర నేర్చుకున్నాను. ఆ మనిషికి నేను అన్యాయం చేశాను. ఆ సంగతి దాచిపెట్టి మిగతా పాఠాలు చెబితే మీకు పెద్దగా ఉపయోగం లేదు, అందుకని రెండూ కలిపే చెబుతున్నాను.

ఎన్నేళ్లకు ఏ హోదా వచ్చింది, ఎన్ని రిజిస్టర్లు నింపాను అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

పని ఏమిటంటే

మా నాన్న రైల్వేలో పనిచేసేవారు. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి లాలాపేట్ పక్కన క్వార్టర్స్‌లో స్థిరపడ్డాం. నేను కెమిస్ట్రీతో డిగ్రీ చేసి, చాలా ఏళ్లు ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసి, రెండు వేల సంవత్సరం దాటాక నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ పాత ప్లాస్టిక్ కొనేవారు. దాన్ని రకాలుగా విడదీసి, మరపట్టి ముక్కలు చేసి, కడిగి, మిషన్లో కరిగించి, మళ్లీ గింజలుగా తీసి అమ్మేవారు. ఆ గింజల్ని అక్కడ అందరూ దానా అంటారు. దానా కొన్నవాళ్లు బకెట్లు, పూలకుండీలు, హ్యాంగర్లు పోసుకుంటారు.

వచ్చిన సరుకులో ఏది ఏమిటో చెప్పడమే నా పని. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఒకసారి మీ ఇంటి స్నానాల గదిలోకి వెళ్లి చూడండి. మగ్గు, బకెట్టు, సబ్బు పెట్టె, దువ్వెన, షాంపూ సీసా, దాని మూత, కుళాయి పైపు ఉంటాయి. అన్నింటినీ మనం ప్లాస్టిక్ అనే అంటాం. మిషన్ మాత్రం అలా అనుకోదు. ఒకటి కరిగే వేడికి ఇంకొకటి మాడిపోతుంది. కలిపి కరిగించినా ఒకదానికొకటి అతుక్కోని జాతులు ఉన్నాయి. షాంపూ సీసా ఒక జాతి, దాని నెత్తిన ఉన్న మూత ఇంకో జాతి.

కొత్తవాళ్లు మొదట రంగును బట్టి విడదీస్తారు. ఎర్రవన్నీ ఒకచోట, నీలివన్నీ ఒకచోట. రెండో వారం వస్తువును బట్టి విడదీస్తారు. మగ్గులన్నీ ఒక కుప్ప, డబ్బాలన్నీ ఒక కుప్ప. రెండూ తప్పే. శివరాత్రికి కీసరగుట్ట జాతర అయ్యాక మాకు గోనెసంచుల నిండా విరిగిన బొమ్మలు వచ్చేవి. ఒక్క బొమ్మ కారులో పైతొడుగు ఒక జాతి, చక్రాలు ఇంకొకటి, అద్దం మూడోది. కారును కారుగా చూసినంతసేపు మీకు అందులో ఏమీ కనపడదు. వంచితే ఏమవుతుంది, గోరు దిగుతుందా, కింద పడితే ఎలా మోగుతుంది, నీళ్లలో వేస్తే తేలుతుందా, కాలిస్తే ఏ వాసన వస్తుంది అని అడగాలి. వస్తువు పేరు మరిచిపోయి దాని గుణం అడగడమే ఈ వృత్తిలో సగం.

మిగతా సగం ఏమిటో నాకు యాదమ్మ చెప్పింది. నేను వినలేదు.

వీపు పరీక్ష

యాదమ్మది ఆలేరు దగ్గర ఊరు. భర్త హమాలీ పనికి వస్తే ఆయనతో పాటు వచ్చి, నాచారం చెరువు వెనక ఒక గదిలో ఉండేది. నేను చేరేటప్పటికే షెడ్డులో ఏరివేత ఆడవాళ్లకు ఆమె పెద్ద. నాకన్నా మూడు నాలుగేళ్లు చిన్నదేమో, కానీ నేను మొదటి రోజు తెల్లకోటు వేసుకుని షెడ్డులోకి వెళితే నన్ను కిందా పైనా చూసి, "గీ తెల్ల అంగి సాయంత్రానికి ఏ రంగైతదో సూస్త మేడం," అంది. అందరూ నవ్వారు. సాయంత్రానికి అది నిజంగానే చెప్పుకోదగ్గ రంగులో లేదు.

ఆమె చుట్టూ అయిదు గంపలు ఉండేవి. నేను పాలీప్రొపిలీన్, పొట్టిగా పీపీ, అనేదాన్ని ఆమె కుర్చీ జాతి అనేది. నూనె క్యాన్లు చేసే మెత్తటిది క్యాను జాతి. పెన్నులు, దువ్వెనలు, టీవీ డబ్బాలు మోగేటి జాతి. పీవీసీ ఆమెకు పైపు జాతి. ముక్కను చేతిలోకి తీసుకుని, బొటనవేలి గోటితో ఒక గీత గీసి, కొంచెం వంచి, నేలమీద ఒకసారి తట్టి గంపలో వేసేది. ఇదంతా మీరు ఈ వాక్యం చదివేలోపు అయిపోయేది. నేను చేరిన కొత్తలో సందేహంగా ఆమె గంపల్లోంచి ముక్కలు తీసుకెళ్లి ల్యాబులో కాల్చి చూసేదాన్ని. కొవ్వొత్తి వాసన రావలసినదానికి కొవ్వొత్తి వాసనే వచ్చేది. ఒక నెల తర్వాత కాల్చడం మానేశాను.

అయిదో గంప పేరు ఎరుకలేని గంప.

కొత్తగా ఏరివేతకు వచ్చిన ఆడవాళ్లకు యాదమ్మ ఒక పరీక్ష పెట్టేది. వాళ్లను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, తను ఒక్కో ముక్కను సిమెంటు నేల మీద వేసేది. చప్పుడు విని జాతి చెప్పాలి. సరిగ్గా చెబితే సరే. చప్పుడు పోల్చుకోలేక "ఎరుకలే అక్కా" అన్నా సరే, ఆ ముక్క అయిదో గంపలోకి పోయేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు. తెలియకుండా ఏదో ఒకటి చెప్పి తప్పితే మాత్రం మూడు రోజులు సంచులు మోయాలి.

"తప్పు జెప్పినందుకు కాదు మేడం," అని నాకు వివరించింది. "ఎరుక లేకున్న ఎరుకున్నట్టు జెప్పినందుకు."

వారానికి ఒకసారి ఆ అయిదో గంప ముందేసుకుని కూర్చునేవారు. నలుగురూ గీకి, వంచి, కొరికి, వాదులాడుకుని కొన్ని తేల్చేవారు. తేలనివి అలాగే ఉండిపోయేవి. కొన్ని ముక్కలు నెలల తరబడి ఆ గంపలోనే ఉండేవి. నాకు అది చూస్తే చిరాకు వేసేది. పని కాని పని అనుకునేదాన్ని. నా నెల రిపోర్టులో నాలుగు గడులు ఉండేవి, అయిదోది ఏ గడిలో రాయాలో తెలిసేది కాదు.

సిమెంటు తొట్టి

మా యజమాని రంగారెడ్డి గారిని అందరూ సేఠ్ అనేవారు. ఆయన గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. దుర్మార్గుడు కాదు. జీతాలు ఒకటో తారీఖునే ఇచ్చేవారు, ఎవరి ఇంట్లో పెళ్లయినా చావయినా స్వయంగా వెళ్లేవారు. కానీ ఏ ప్రశ్నకైనా ఆయనకు సాయంత్రం లోపల జవాబు కావాలి. ఆ జవాబు ఒక్క మాటలో ఉండాలి. నాకు తెలియదు అనే జవాబును ఆయన జవాబుగా లెక్కించరు. అలాంటి పై అధికారి దగ్గర పదేళ్లు పనిచేస్తే మనం కూడా ఆ మాట మరిచిపోతాం. మీకు అలాంటివాళ్లే దొరుకుతారు కాబట్టి చెబుతున్నాను.

సరుకు రాక పెరిగాక, ఏరివేత ఆలస్యమవుతోందని ఆయన గొణగడం మొదలుపెట్టారు. నేనే తొట్టి సంగతి చెప్పాను. మరపట్టిన ముక్కల్ని నీళ్లలో వేస్తే కుర్చీ జాతి, క్యాను జాతి తేలుతాయి. పైపు జాతి, మోగే జాతి మునుగుతాయి. అది ప్రకృతి ధర్మం, ఎవరి గోరూ అక్కర్లేదు. పూలకుండీలు పోసేవాళ్లకు తేలే రెండు జాతులూ కలిసి ఉన్నా ఫరవాలేదు. నేల తవ్వి, నడుము లోతు సిమెంటు తొట్టి కట్టించారు. మొదటి రోజు గంటలో అయిన పని చూసి సేఠ్ నా భుజం తట్టినంత పని చేశారు. నేనూ ఒక వారం రోజులు నేల మీద నడవలేదు.

యాదమ్మ తొట్టి పక్కన నిలబడి చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉంది మేడం. అయితే నీళ్లు బరువొక్కటే జెప్తయి. జాతి జెప్పయి."

"బరువును బట్టే జాతి తెలుస్తుంది యాదమ్మా," అన్నాను.

ఆ ఊపులోనే ఎరుకలేని గంపను తీసేయించాను. తెలియనివన్నీ మరపట్టి తొట్టిలో వేయండి, నీళ్లే తేలుస్తాయి అన్నాను. నా రిపోర్టులో గడులు శుభ్రంగా నిండాయి. యాదమ్మ ఖాళీ గంపను బోర్లించి దాని మీద కూర్చుని పని చేసుకోవడం మొదలుపెట్టింది. అది నా మీద నిరసన అని నాకు అప్పట్లో తట్టలేదు, పీట దొరికిందనుకున్నాను.

తెల్ల ముక్కలు

ఒక సోమవారం ఎక్కడో కూల్చిన దుకాణాల నుంచి తెల్ల పలకలు కొన్ని సంచులు వచ్చాయి. అరంగుళం మందం, చేతికి చాలా తేలిక. స్నానాల గది తలుపులకూ దుకాణాల బోర్డులకూ అప్పుడప్పుడే వాడుతున్న రకం.

యాదమ్మ ఒక ముక్క పట్టుకుని ల్యాబు గుమ్మం దాకా వచ్చింది. ఆమె ల్యాబుకు రావడం అరుదు.

"మేడం, గిది జర సూడు. గోరు దిగుతున్నది, మెత్తగున్నది. కింద ఏస్తే సప్పుడే లేదు. పైపు జాతి లెక్క అగుపడ్తున్నది గని పైపంత బరువు లేదు. నాకు ఎరుకలే."

నేను ఏదో రిపోర్టు రాస్తున్నాను. ముక్కను తీసుకుని, పక్కనే ఉన్న నీళ్ల గ్లాసులో వేశాను. తేలింది.

"తేలింది చూడు. తేలేది పైపు జాతి ఎలా అవుతుంది? తొట్టిలో వేయించు," అన్నాను.

"ఒక్కపారి కాల్చి సూడరాదు మేడం?"

"తేలాక ఇంక కాల్చడమెందుకు?"

ఆమె గ్లాసులోంచి ముక్కను తీసుకుని వెళ్లిపోయింది. కాల్చడానికి రెండు నిమిషాలు పట్టేది. దీపం నా చేతికందే దూరంలో ఉంది. ఆ రెండు నిమిషాల గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను.

మర్నాడు మధ్యాహ్నం దానా మిషన్ దగ్గర కేకలు వినిపించాయి. నేను వెళ్లేసరికి ఆ ప్రాంతమంతా తెల్లటి పొగ, ముక్కూ గొంతూ కోసేసే ఘాటు. మిషన్ నడిపే ఖలీల్ భాయ్ స్విచ్ ఆపే దాకా అక్కడి నుంచి కదల్లేదు. ఆపాక బయటకొచ్చి గోడ పట్టుకుని కూలబడ్డాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, ఊపిరి అందక గొంతు పిల్లికూతలు కూస్తోంది. ఆటోలో వేసి దవాఖానాకు తీసుకెళ్లారు. నాలుగు రోజులు అక్కడే ఉన్నాడు.

పొగ పోయాక మిషన్లోంచి తీసిన ముద్ద నల్లగా మాడి ఉంది. నేను రాగి తీగ ఎర్రగా కాల్చి, దానితో ఆ ముద్దను తాకి మళ్లీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా వెలిగింది. అంటే అందులో పైపు జాతి ఉంది. కుర్చీ జాతి కరిగే వేడికి పీవీసీని పెడితే అది మాడి, ఆమ్లపు పొగ వదులుతుంది. ఆ ముద్దను పరీక్షించడం వరకు నేను చేసింది సరిగ్గానే ఉంది.

సేఠ్ ల్యాబులోకి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఎట్లొచ్చింది మేడం పీవీసీ? పొద్దుమూకేలోపు నాకు జెప్పాలె. ఖలీల్ ఇంటోళ్లు గేటు కాడ కూసున్నరు."

నేను వరసగా ఆలోచించాను. తొట్టిలో తేలిన సరుకే మిషన్లోకి వెళ్లింది. పీవీసీ తేలదు. కాబట్టి తొట్టి తర్వాతే ఎవరో కలిపి ఉండాలి. తొట్టి తర్వాత సంచులు నింపేది యాదమ్మ జట్టు. గీతలు గీసినట్టు కుదిరింది. అరగంటలో కాగితం రాసి సంతకం పెట్టాను. తొట్టి అనంతరం ఏరివేత సిబ్బంది చేతి పొరపాటు వల్ల కలిసినది అని రాశాను. మనిషి పేరు రాయలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జట్టుకు పెద్ద ఎవరో షెడ్డులో అందరికీ తెలుసు.

సేఠ్ ఆ కాగితం చేత్తో పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, అందరి ముందూ యాదమ్మను కల్తీ చేశావన్నారు. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చావన్నారు. ఆమె నా వైపు చూసింది.

"మేడం, గా తెల్లది నాకు ఎరుకలేదని నీకు జెప్పిన గద."

"అది తేలింది యాదమ్మా," అన్నాను.

ఆమె గోరు శుభ్రం చేసుకునే చిన్న పుల్ల ఒకటి కొంగు చివర ముడేసి ఉంచుకునేది. ఆ ముడి సరిచూసుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు.

గాజు గ్లాసు

ఖలీల్ భాయ్ పది రోజుల తర్వాత పనిలోకి వచ్చాడు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఆ ఆయాసం ఆయనకు పూర్తిగా ఎప్పుడూ తగ్గలేదు. వచ్చిన వారానికి ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి, గుప్పిట్లో ఏవో ముక్కలు చూపించాడు.

"మేడం, గా దినం మిషన్‌ల ఏసిన మాల్‌ల గీ తెల్లయి ఉండె. సంచిల ఇంక మిగిలినయి. యాదమ్మ మీద ఏస్తే ఏసిన్రు గని, నేనైతే గీ మాల్ మల్ల మిషన్‌ల ఎయ్య. మీకు ఎట్ల తోస్తే గట్ల జేసుకోన్రి."

ముక్కలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను ఒకటి గాజు గ్లాసులో వేశాను. తేలింది. మళ్లీ అదే జవాబు. అప్పుడు, ఆ రోజు చేయనిది చేశాను. బ్లేడుతో ఆ ముక్కను నిలువునా కోసి భూతద్దం కింద పెట్టాను. లోపలంతా బన్నులో ఉన్నట్టు సన్నటి గాలి గదులు. ఇంకో ముక్కను పట్టుకారులో పెట్టి, గాలి పోయేలా పలచగా నొక్కి, అదే గ్లాసులో వేశాను.

రాయిలా అడుగుకు పోయింది.

రాగి తీగ కాల్చి తాకించాను. మంట ఆకుపచ్చగా వచ్చింది.

అది పైపు జాతే. తయారుచేసేటప్పుడు గాలి నింపి తేలిక చేసిన పైపు జాతి. పైపు జాతిలా ఉందని యాదమ్మ చెయ్యి చెప్పింది నిజం, పైపంత బరువు లేదని చెప్పిందీ నిజం. గాలిని మోస్తున్నందువల్ల నీళ్లలో తేలింది, నేను ఆ తేలడాన్నే జాతికి గుర్తు అనుకున్నాను. యాదమ్మ తొట్టి పక్కన నిలబడి అన్న మాట అక్షరాలా ఇదే.

ఇక్కడ మీకు ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ గ్లాసు చూశాక నేను వెంటనే లేచి సేఠ్ దగ్గరికి వెళ్లలేదు. నాలుగు రోజులు ఊరుకున్నాను. గ్లాసు కడిగి బోర్లించాను, ముక్కలు సొరుగులో వేశాను. నా ఉద్యోగం పోతుందని భయం ఉంది. దానికన్నా పెద్దది సిగ్గు. డిగ్రీ చదివి, తెల్లకోటు వేసుకుని, అందరి చేతా మేడం అనిపించుకుంటూ, రెండు నిమిషాల పరీక్ష చేయలేదని ఎలా చెప్పుకోను? ఆ నాలుగు రోజులూ ఉప్పల్ నుంచి బస్సులో వస్తూ యాదమ్మ గది ఉన్న చెరువు వైపు కూర్చోకుండా రెండో పక్క కూర్చున్నాను. అయిదో రోజు షెడ్డులో యాదమ్మ పీటగా వాడుకున్న గంపను ఎవరో చెత్త ఎత్తడానికి తీసుకెళుతుంటే చూశాను. ఇక తట్టుకోలేకపోయాను.

సేఠ్ నేను చెప్పిందంతా విని చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

"ఇప్పుడేం జేస్తం మేడం. గా రిపోర్టు కుండీలోళ్లకు గూడ పంపినం. మల్ల మా ల్యాబుదే తప్పంటే మన మీద నమ్మకం ఉంటదా? ఆమె ఎక్కడో పని సూసుకునే ఉంటది."

"చూసుకునే ఉంటుంది. కానీ కల్తీ చేసిందన్న మాట మోసుకుంటూ తిరుగుతోంది. ఆ మాట నేను రాసింది," అన్నాను. "ఇంకో కాగితం రాస్తాను. మీరు ఒప్పుకోకపోతే ఇవాళే ఉద్యోగం మానేస్తాను."

అంత ధైర్యం నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆయన చివరికి, "రాయి. పిలువు. కాయిదం మాత్రం గేటు దాటొద్దు," అన్నారు. సగం న్యాయం. ఆ రోజుకు నాకు దొరికింది అదే.

లాలాపేట్

యాదమ్మ లాలాపేట్ ఫ్లైఓవర్ దగ్గర ఒక పాత సామాను దుకాణంలో పనిచేస్తోందని ఖలీల్ భాయ్ చెప్పాడు. నేను చిన్నప్పుడు నడిచి తిరిగిన వీధులే, కానీ ఆ రోజు అడుగు ముందుకు పడలేదు. ఆమె దుకాణం ముందు కూర్చుని కరెంటు తీగల మీది తొడుగు వలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. అక్కడే ఒక డబ్బా మీద కూర్చున్నాను.

చెప్పాల్సింది చెప్పాను. గ్లాసు సంగతి, గాలి గదుల సంగతి, ఆకుపచ్చ మంట సంగతి. నాలుగు రోజులు నోరు మూసుకుని ఉన్న సంగతీ చెప్పాను. ఆమె తీగ వలవడం ఆపలేదు.

"నన్ను క్షమించు యాదమ్మా. తప్పు నాది."

"తప్పు అందరికైతది మేడం. నాకు గాలేదా? మస్తు సార్లైంది." తీగను పక్కన పెట్టింది. "నేను నీ కాడికి నడిసి వచ్చి నాకు ఎరుకలే అన్న. నువ్వు నీళ్లను అడిగినవ్. పొగ వచ్చినంక గూడ కాయిదాన్ని అడిగినవ్. నన్ను ఒక్కపారి గూడ అడగలే. గదే నా బాధ."

ఆమె పక్కన పెట్టిన తీగను నేను అందుకున్నాను.

"మళ్లీ రా," అన్నాను.

ఆమె నా చేతిలోంచి తీగను వెనక్కి తీసుకుంది. "నన్ను కల్తీ జేసినవన్నది షెడ్డుల. పది మంది ముంగట. గా మాట షెడ్డులనే తియ్యాలె. కాయిదం నువ్వే సదవాలె, సేఠ్ కాదు. ఇంకోటి, నా గంప నాకు గావాలె."

మర్నాడు పొద్దున షెడ్డులో మిషన్లు మొదలుపెట్టక ముందు ఆ కాగితం చదివాను. ఆరు వాక్యాలు. పొరపాటు ల్యాబుదని, ఏరివేత సిబ్బంది ముందే హెచ్చరించారని, పరీక్ష చేయనిది నేనేనని. సేఠ్ రాలేదు, కానీ ఆయన గది కిటికీ తెరిచి ఉంది. చదవడం అయ్యింది. యాదమ్మ నడిచి వచ్చి తన చోట కూర్చుంది. అయిదో గంపను కుడిచేతి వైపు పెట్టుకుని, కొంగు ముడి విప్పి పుల్ల తీసి గోరు శుభ్రం చేసుకుంది. పని మొదలైంది. నాతో సరిగ్గా మాట్లాడడానికి ఆమెకు ఇంకో మూడు నెలలు పట్టింది.

ఆ తర్వాత

నా రిపోర్టులో అయిదో గడి గీశాను. తెలియనివి అని రాశాను. సేఠ్ మొదట మొహం చిట్లించారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆ గడిలో దొరికినవి చాలా ఉన్నాయి. సుద్దపొడి కలిపి పోసిన చవక కుర్చీలు దొరికాయి. కుర్చీ జాతే, కానీ సుద్ద బరువుకు మునుగుతాయి. తొట్టిని నమ్మితే వాటిని పైపులతో కలిపేవాళ్లం. గాజునూలు కలిపిన నైలాన్ దొరికింది. ఇవన్నీ మొదట యాదమ్మ ఎరుకలే అని గంపలో వేసినవే.

తొట్టి కూడా ఉంచాం. తొట్టి మంచిదే. బరువు అడిగితే నిజం చెబుతుంది. అడగని ప్రశ్నకు కూడా అదే జవాబు అనుకోవడం మన తప్పు. పదార్థాల్ని విడదీయాలంటే ఒక్క గుణాన్ని నమ్ముకోకండి, కనీసం రెండు మూడు వేర్వేరు దారుల్లో అడగండి. అవి ఒక్క మాట మీద లేకపోతే, ఎక్కువ దారులు చెప్పిందే నిజమని ఓట్లు లెక్కపెట్టకండి. ఒప్పుకోని ఆ ఒక్కటి ఎందుకు ఒప్పుకోవడం లేదో చూడండి. మనుషులు చెప్పేది కూడా ఒక పరీక్షే. పదిహేనేళ్లుగా రోజుకు వేల ముక్కలు ముట్టుకున్న చెయ్యి ఒకటి తెలియదు అంటోందంటే, మీ ల్యాబులో ఉన్న అన్ని పరికరాలకన్నా పెద్ద సమాచారం అది.

తెలంగాణ వచ్చిన ఏడాదే నేను రిటైరయ్యాను. చివరి రోజు సేఠ్ శాలువా కప్పారు, మిఠాయిలు పంచారు. టీలు అయ్యాక యాదమ్మ షెడ్డు మధ్యలో ఎరుకలేని గంపను బోర్లించింది.

"మేడం, పోయే ముంగట కూసో. గోడ దిక్కు మొకం పెట్టు."

అందరూ నవ్వుతున్నారు. ఇన్నేళ్లలో నాకు ఎవరూ వీపు పరీక్ష పెట్టలేదు. శాలువాతోనే వెనక్కి తిరిగి కూర్చున్నాను. ముక్కలు పడుతున్నాయి, నేను చెబుతున్నాను. మోగే జాతి. కుర్చీ. మళ్లీ కుర్చీ. పైపు. క్యాను అన్నప్పుడు ఎవరో పక్కున నవ్వారు, తప్పి ఉంటాను. సంచులు మోయిస్తామని కేకలు వేశారు.

పదోదానికి చప్పుడు రాలేదు. వేసిందో లేదో తెలియలేదు. ఏదో మెత్తగా నేలను తాకినట్టు మాత్రం అనిపించింది. తెల్ల పలక కావచ్చు. కావచ్చు, అంతే. కొత్తగా వస్తున్న నురుగు రకాలు కూడా అలాగే పడతాయి. నేను చెప్పబోయే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకున్నాను.

"నాకు తెలియడం లేదు యాదమ్మా," అన్నాను. "నువ్వే చెప్పు."

వెనక నుంచి ఆమె వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతి బొటనవేలి గోరు శాలువాకు తగులుకుంది.

"గీ మాట గా దినమే అంటే సరిపోతుండె గద మేడం," అంది. ముక్కను అయిదో గంపలో వేద్దామని చూసింది. ఆ గంప మీద నేను కూర్చుని ఉన్నాను. లేచి, గంపను తిప్పి పెట్టాను.